మొదటి ముద్ద తర్వాత అరనిమిషం

మధ్యాహ్నం పన్నెండున్నరకి బస్సుల డిపో క్యాంటీన్‌లో మీరెప్పుడైనా నిలబడి ఉంటే, గోల అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. నూట ఎనభై మంది. డ్రైవర్లు, కండక్టర్లు, బస్సు కింద నుంచి అప్పుడే పాకి బయటికొచ్చిన మెకానిక్కులు, టైర్ల షెడ్డు వాళ్లు. బల్లలు ఇనుపవి, కంచాలు స్టీలువి, నేల సిమెంటుది, పైకప్పు రేకులది. చప్పుడును కాస్తయినా మింగే వస్తువు ఆ హాల్లో ఒక్కటీ లేదు. పొద్దుటి నుంచీ జనంతో అరిచి వచ్చిన కండక్టర్లు ఇక్కడ మళ్లీ ఒకరి మీద ఒకరు అరుచుకుంటే గాని వాళ్లకి తిన్నట్టుండదు. పక్కవాడితో మాట్లాడాలంటే వాడి చెవిలో నోరు పెట్టాల్సిందే.

అంత గోలలోనూ రోజుకి ఒక్కసారి, ఒక్క అరనిమిషం, ఆ హాలు నోరు మూసుకుంటుంది. అందరూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు. రెండో ముద్దకీ ఎవరూ మాట్లాడరు. ఫ్యాన్లు తిరగడం వినబడుతుంది. బయట ఎవరో బస్సు కడుగుతున్న నీళ్లు వినబడతాయి. ఆ తర్వాత ఎవడో ఒకడు ఏదో అంటాడు, ఇంకొకడు దానికి పెద్దగా నవ్వుతాడు, మళ్లీ మామూలే.

ఇలా ఒక అరనిమిషం ఉందని తినేవాళ్లకి తెలియదు. నోట్లో ముద్ద ఉన్నవాడికి తను మాట్లాడటం లేదన్న సంగతి ఎలా తెలుస్తుంది? తెలిసింది ఒక్క మనిషికే, వంటింటి కిటికీ వెనక నిలబడే ఆవిడకి. యాభై నాలుగేళ్లుంటాయి. ఇరవై రెండేళ్లుగా ఆ పొయ్యి ముందే ఉంది. చిన్నాపెద్దా అందరూ ఆవిడని వంటక్క అంటారు. క్యాంటీన్ చూసుకునే పెద్దమనిషి ఆవిడకంటే పదేళ్లు పెద్ద, ఆయనా అక్కా అనే అంటాడు. ఆవిడ ఆయన్ని బాబాయ్ అంటుంది. అక్కకి తమ్ముడు బాబాయ్ ఎలా అయ్యాడని ఆ డిపోలో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆ బాబాయ్ ఒకప్పుడు కండక్టరు. రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక ఈ పని పుచ్చుకున్నాడు గాని, మెడలో విజిల్ మాత్రం తీయలేదు. అందుకే విజిల్ బాబాయ్. క్యాంటీన్‌లో ఆయనకి ముందు నుంచీ విజిల్ మీదే నడిచే పద్ధతి ఒకటుంది, ఇప్పుడు నడిపించేది ఆయన. ముందు ప్రతి బల్ల మీదికీ అన్నం గిన్నె, కూర గిన్నెలు చేరాలి. అందరూ కూర్చోవాలి. అప్పుడు వండిన మనిషి కిటికీ దగ్గరికొచ్చి, అందరూ చూస్తుండగా ప్రతి కూరా ఒక చెంచాడు తాను తిని, “రైట్” అనాలి. అప్పుడాయన విజిల్ ఊదుతాడు. అప్పటిదాకా ఎవడి చెయ్యీ గిన్నె మీద పడకూడదు. చాలా ఏళ్ల కిందట పాడైన కూర తిని సగం మంది డ్రైవర్లు మంచానపడ్డారట, ఆ రోజు ఊరు ఊరంతా నడిచి ఇళ్లకి పోయిందట. అప్పుడు పుట్టిన కట్టడి ఇది. కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. నవ్వనీండి. నూట ఎనభై మంది ఒకేసారి మొదటి ముద్ద పెట్టుకునే చోటు ఇంకొకటి ఎక్కడుందో చూపించి నవ్వమనండి.

ఆ అరనిమిషాన్ని ఆవిడకి చూపించింది ఆవిడ మొగుడు. ఆయన ఆ డిపోలోనే మెకానిక్, రెండో బల్ల దగ్గర గోడవైపు కూర్చునేవాడు. మాటల మనిషి కాదు. పెళ్లాం చేసిన వంట బాగుందని నోరారా అన్న పాపాన పోలేదు. ఆవిడ చేరిన మూడేళ్లకి ఒక సాయంత్రం, ఇద్దరూ ఇంటికి నడుస్తుంటే, ఏదో బోల్టు సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. “విజిల్ ఊదగానే నువ్వు గిన్నెలు తోముకోడానికి పోతావు గదా. రేపు పోకు. అక్కడే నిలబడి విను.” ఏం వినాలని అడిగింది. “ఏమీ వినబడదు. అదే విను,” అన్నాడు.

మర్నాడు నిలబడింది. వినబడలేదు. అంటే, ఆ ఏమీ లేకపోవడం వినబడింది. తను పొద్దున్న ఆరింటి నుంచీ తరిగించి, వేయించి, కలియబెట్టి, చేతులు కాల్చుకుని చేసిందంతా ఆ కాసేపట్లో నూట ఎనభై నోళ్లలో ఉంది. మొగుడు తల ఎత్తి కిటికీ వైపు చూడను కూడా లేదు, తలొంచుకుని తింటున్నాడు. ఆవిడకి కళ్లు చెమ్మగిల్లాయి. ఉల్లిపాయలకి అలవాటుపడిన కళ్లు, ఉత్తినే చెమ్మగిల్లే రకం కాదు. ఆ రోజు నుంచి ఒక్కరోజు తప్పకుండా అక్కడ నిలబడింది. కొన్నాళ్లు ఇరవై సెకన్లే ఉండేది, కొన్నాళ్లు నిమిషం దాకా సాగేది. ఎంతున్నా అయిపోయేదే, దాచుకోవడానికి అందులో ఏమీ లేదు. అది తెలిసే ఆవిడ దాన్ని అంత జాగ్రత్తగా వినేది.

మొగుడు పోయి పదకొండేళ్లు. ఆదివారం మధ్యాహ్నం పడుకున్నవాడు మరి లేవలేదు. పిల్లల్లేరు. ఎందుకు లేరని అడిగేవాళ్లు ఒకప్పుడు ప్రాణం తీసేవారు, క్రమంగా అడిగేవాళ్లూ లేకుండా పోయారు. ఆవిడ ఉండేది మూడో అంతస్తులో ఒక గది. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, నీళ్ల బిందె, బట్టలు ఆరేసుకోవడానికి కిటికీకి కట్టిన తాడు. మొగుడి చొక్కా దాచుకుని అప్పుడప్పుడు మొహానికి పెట్టుకుని ఏడ్చేదేమో అనుకునేరు. అలాంటి మనిషి కాదు. చొక్కాలన్నీ నెల తిరక్కుండానే ఉతికి, ఇస్త్రీ చేయించి, టైర్ల షెడ్డు వాళ్లకి పంచేసింది. తర్వాత చాలాకాలం ఆ చొక్కాలు వేరే వేరే మనుషుల మీద క్యాంటీన్‌కి వచ్చి అన్నం తిని పోయేవి. ఆవిడ ఏమీ అనేది కాదు గాని, ఆ బల్లలకి కూర కాస్త ఎక్కువ పంపేది.

సాయంత్రం గదికొచ్చాక మాట్లాడే మనిషి ఉండదు. కొన్ని రోజులు క్యాంటీన్‌లో అన్న చివరి మాటకీ, మర్నాడు పొద్దున్న అనే మొదటి మాటకీ మధ్య ఆవిడ గొంతు విప్పేదే కాదు. ఆదివారం క్యాంటీన్ ఉండదు, ఆదివారాలు ఆవిడకి పడేవి కావు. అయినా మనిషి పూర్తిగా ఎండిపోలేదు. మధ్యాహ్నం ఎండకి ఆరిన దుప్పటిని తాడు మీంచి లాగినప్పుడు అది ఇంకా వెచ్చగా చేతుల మీద పడేది కదా, ఆ వెచ్చదనం ఆరేదాకా అలాగే పట్టుకుని నిలబడేది. ఇవన్నీ ఎవరితోనైనా చెప్పుకునేవి కావు. చెబితే, అక్కకి మతి పోతోందంటారు.

ఇలా గడిచిపోతున్న మనిషికి వానల్లో జ్వరం పట్టుకుంది. అయిదు రోజులు. ఆరో రోజున, ఒళ్లు తేలిపోతున్నా, పనిలోకి వచ్చేసింది. నూనె వేడెక్కింది, గంపెడు ఉల్లిపాయలు అందులో పడ్డాయి, చుయ్యిమన్నాయి. అంతే. ఇంకేమీ జరగలేదు. చప్పుడు ఉంది, ఆవిరి ఉంది, రంగు మారడం ఉంది. వాసన లేదు. జలుబు తగ్గలేదనుకుంది. వెల్లుల్లి చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టుకుంది. వేళ్లకి జిగురు తగిలింది, అంతకంటే ఏమీ తెలియలేదు. కూర నాలుక మీద వేసుకుంటే తడిసిన కాగితం నమిలినట్టుంది. ఉప్పు కూడా ఇసకే.

పది రోజులు చూసి ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, మంచి పిల్ల. ఇలా చాలామందికి అవుతోందని, కొందరికి తిరిగొస్తుందని, కొందరికి రాదని, వచ్చినా నిలుస్తుందని చెప్పలేమని, దీనికి మందంటూ లేదని నెమ్మదిగా చెప్పింది. ఏం పని చేస్తారమ్మా అని అడిగింది. ఆవిడ చెప్పలేదు. ఇంటి పనే అని బయటికొచ్చేసింది.

ఎందుకు చెప్పలేదంటే, దానికో కారణం ఉంది. ఆవిడకంటే ముందు ఆ పొయ్యి దగ్గర ఒక ముసలాయన ఉండేవాడు. ఆయనకి చూపు మందగించింది. ఒకరోజు చక్కెర డబ్బాకీ ఉప్పు డబ్బాకీ తేడా తెలియక పట్టుబడ్డాడు. అందరూ చేరి ఆయన్ని తెగ పొగిడి, చేతిలో ఒక గోడ గడియారం పెట్టి ఇంటికి పంపారు. తర్వాత ఆరు నెలలు ఆ ముసలాయన రోజూ గేటు దాకా వచ్చి, వాచ్‌మన్‌తో రెండు మాటలు మాట్లాడి, వెనక్కి పోయేవాడు. ఏడో నెల రాలేదు. ఆ చోట్లోకి వచ్చింది ఈవిడే. అప్పుడు చిన్న వయసు, పని దొరికిందన్న సంబరం, ముసలాయన వైపు సరిగా చూడను కూడా చూడలేదు. ఇప్పుడు ఆయన మొహం రోజూ కళ్లముందుకి వచ్చేది. ఈ వంటిల్లు పోతే తను ఎక్కడికి పోవాలి? మూడో అంతస్తులో కుర్చీ మీద కూర్చుని గోడ చూడటానికా? ఆ ఒక్క భయానికి ఆవిడ నోరు కుట్టేసుకుంది.

అక్కణ్నుంచి ఎనిమిది నెలలు ఆవిడ చేసిన వంట చూస్తే ఎవరైనా చేతులెత్తి దండం పెట్టాలి. ఉప్పుకి ఒక కప్పు, కారానికి ఒక చెంచా పెట్టుకుంది, గుప్పిటతో వేసే మనిషి గీత గీసుకుని వేయడం మొదలుపెట్టింది. ఉల్లిపాయలు వేగాయో లేదో రంగుతో చూసేది. నూనె గిన్నె అంచులకి తేలిందంటే మసాలా పచ్చి పోయినట్టు. అన్నిటికంటే ఎక్కువగా చెవుల్ని నమ్ముకుంది. ఉడుకుతున్న కూర ముందు పలచగా, చిన్న చిన్న బుడగలతో మాట్లాడుతుంది. చిక్కబడేకొద్దీ గొంతు బొంగురుపోతుంది. అడుగంటబోయే ముందు ఒక్క క్షణం మాట ఆపేస్తుంది. ఆ క్షణాన్ని పట్టుకుని మంట తగ్గించేది.

ఇక రుచి చూడటానికి పిన్ని ఉండనే ఉంది. పిన్ని అంటే కూరలు తరిగే ముసలావిడ. అరవై అయిదు దాటాయి, మోకాళ్లు పోయాయి, నోరు మాత్రం దివ్యంగా ఉంది. కత్తి ఆడినంతసేపూ నోరూ ఆడుతూనే ఉంటుంది. కోడలి మీద మొదలుపెట్టి బంగాళాదుంపల మీదికి దిగి మళ్లీ కోడలి దగ్గర తేలుతుంది. వంటక్క రోజూ ఒక చెంచాడు కూర ఆవిడ చేతిలో పోసి, ఎలా ఉందో చూడు పిన్నీ అనేది. ఇన్నేళ్లకి తన నోటికి ఒక విలువ వచ్చిందని పిన్ని మురిసిపోయి, ఉప్పు చాల్లేదనో, కారం మండుతోందనో తీర్పు చెప్పేది. వంటక్క ఆ మాటలు కాదు, అంతకుముందు పిన్ని మొహంలో కదిలే కండల్ని చూసేది.

ఇంత చేసినా పన్నెండున్నర వచ్చేసరికి ఒకటి తప్పదు. కిటికీ దగ్గర నిలబడి, ఆ తడి కాగితాన్ని నమిలి, మింగి, అంతమంది కళ్ల ముందు “రైట్” అనాలి. రోజూ ఒక అబద్ధం. విజిల్ మోగేది, హాలు నిశ్శబ్దమయ్యేది. అవును, ఆ అరనిమిషం ఇప్పటికీ వచ్చేది. కాకపోతే ఆవిడ ఇప్పుడు దాన్ని పరీక్ష ఫలితం విన్నట్టు వినేది. ఇవాళ్టికి గండం గడిచింది అనుకుని చీర కొంగుతో మెడ తుడుచుకునేది. వాళ్లు తింటున్నది ఏమిటో ఆవిడకి తెలియదు. తను వండిన విందుకి తననే బయట నిలబెట్టినట్టుండేది. మొగుడు పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు, నిజం చెప్పాలంటే. అప్పుడు కనీసం ఏడుస్తుంటే కళ్లనీళ్లు ఉప్పగా తెలిసేవి.

ఒకసారి పట్టుబడబోయింది. పిన్నికి మోకాళ్ల నొప్పి ఎక్కువై రెండు రోజులు రాలేదు. మొదటి రోజు నెట్టుకొచ్చింది. రెండో రోజు ఉప్పు వేసిందీ లేనిదీ అనుమానం వచ్చింది. అడగడానికి మనిషి లేదు, నాలుక లేదు. వేయలేదనుకుని వేసింది. విజిల్ మోగాక హాలు నిశ్శబ్దంగా ఉండలేదు, ఒక్కసారిగా నవ్వింది. వంటక్క ఇవాళ కూరగాయలు సముద్రంలో కడిగొచ్చిందన్నాడొక డ్రైవరు. ఆవిడ కూడా అందరితో పాటు నవ్వింది, ఇంకేం చేస్తుంది? విజిల్ బాబాయ్ నవ్వలేదు. అందరూ వెళ్లాక వంటింట్లోకి వచ్చి, నువ్వు తిని రైట్ అన్నావు గదక్కా అన్నాడు. పరధ్యానంలో ఉన్నానంది. ఆయన చెడ్డవాడేమీ కాదు. కాసేపు విజిల్ తాడు వేలికి చుట్టుకుని, ఇంకొక్కసారి ఇలా అయితే పైవాళ్ల చెవిన వేయాల్సి వస్తుంది, కాస్త చూసుకోమని చెప్పి పోయాడు. ఆ మాట ఆవిడ మెడ మీద కూర్చుంది.

తర్వాత మూడు వారాలకి ఆ రోజు వచ్చింది. బంగాళాదుంపల కూర ఒకటి, చిక్కుడుకాయల వేపుడు ఒకటి. వేపుడు దించేసింది. పెద్ద గిన్నెలో దుంపల కూర చిక్కబడుతోంది. పన్నెండు కావడానికి పది నిమిషాలుంది. పిన్ని పెరట్లో కుళాయి దగ్గర గరిటెలు కడుక్కుంటూ ఎవరినో తిడుతోంది. అదే సమయానికి వంటింటి గోడ అవతల మెకానిక్కులు ఒక బస్సు ఇంజన్ స్టార్ట్ చేసి, యాక్సిలేటర్ తొక్కి పట్టారు. కిటికీ రేకులు దడదడలాడాయి. కూర గొంతు ఆ హోరులో మునిగిపోయింది. ఆవిడ గరిటె గిన్నెకి ఆనించి, ఆవిరి పట్టిన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటోంది. ఆ రెండు నిమిషాల్లో కూర మాట ఆపేసింది, ఆవిడకి వినబడలేదు.

వినబడలేదు గాని, వాసన వచ్చింది.

మొదట ఆవిడ నమ్మలేదు. జ్ఞాపకం వచ్చిందేమో అనుకుంది. తర్వాత అది గొంతులో గుచ్చుకుంది. మాడు వాసన. వంటమనిషి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ భయపడే వాసన. దాని వెనకాలే తలుపు తీసినట్టు అన్నీ లోపలికి వచ్చేశాయి. ఉల్లిపాయలు, వెల్లుల్లి, కాగిన నూనె, తడి గోనెసంచి, గోడ అవతలి డీజిలు, సబ్బు నీళ్లు, తన చీరకొంగులో తన చెమట. ఎనిమిది నెలలుగా తలుపు బయట నిలబడ్డవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి ఆవిడ మీద పడ్డాయి. ఆవిడ గోడకి ఆనుకుంది.

అడుగంటిందని తెలియగానే ఏం చేయాలో ఆవిడకి ఒకరు చెప్పాలా? మంట కట్టేయాలి. అడుగు కదపకుండా పై కూరంతా వేరే గిన్నెలోకి తీసేయాలి. అలా చేస్తే ముప్పాతిక కూర దక్కుతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. చెయ్యి పొయ్యి మీటదాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. మంట కట్టేస్తే ఇది పోతుంది. మళ్లీ వస్తుందని ఎవరు చెప్పగలరు? ఆ డాక్టరమ్మే చెప్పలేకపోయింది. ఇది ఎంతసేపుంటుందో తెలియదు, ఉన్నంతసేపూ ఉండనీ అనుకుంది. పోయేది తన పని అని, తన చోటు అని, అవతల నూట ఎనభై మంది ఆకలితో వస్తున్నారని అన్నీ తెలిసే అనుకుంది. మతి తప్పి చేసిందంటే నేనొప్పుకోను. ఇరవై రెండేళ్లలో ఆవిడ తనకోసమంటూ వండుకున్నది ఆ ఒక్క మాడిన కూరే.

కళ్లు మూసుకుంది. ఊపిరి లోపలికి తీసుకుని, బయటికి వదలడానికి మనసొప్పక అలాగే పట్టుకుంది. ఆ వాసన చేదుగా ఉంది, ఘాటుగా ఉంది, భరించలేనట్టు ఉంది, ఎంత బాగుందో చెప్పలేనంత బాగుంది. దగ్గు వచ్చింది, కళ్లనీళ్లు కారాయి, అవి పెదాల మీదికి వచ్చి ఉప్పగా తగిలాయి. పక్కన ఎవరైనా ఉంటే బాగుండుననిపించింది. ఇదిగో చూడు, వచ్చింది, అని చేయి పట్టుకుని చెప్పడానికి ఒక్క మనిషి. రెండో బల్ల దగ్గర తలొంచుకుని తినే ఆ మనిషి. ఎవరూ లేరు. ఆవిడ ఒక్కతే నిలబడి ఇంకొక ఊపిరి తీసుకుంది.

ఎన్నో ఊపిరికో, ఎంతసేపటికో, అది పలచబడింది. గట్టిగా పీల్చింది. ఇంకా గట్టిగా పీల్చింది. వేడిగాలి మాత్రమే ముక్కులోకి పోయింది. కళ్లు తెరిస్తే వంటిల్లంతా నల్లటి పొగ, గిన్నె కనబడటం లేదు.

పిన్ని ఎలా పరిగెత్తుకొచ్చిందో, ఆ మోకాళ్లతో. మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని మంట కట్టేసింది. వెనకే విజిల్ బాబాయ్ వచ్చాడు. కిటికీ దగ్గర డ్రైవర్ల తలలు గుమిగూడాయి, అందరి చేతులూ ముక్కుల మీదే ఉన్నాయి. ఎవరో తలుపులు తెరిచారు. గరిటె వేసి చూస్తే అడుగు బొగ్గయింది, పైదంతా పొగ తాగేసి నల్లబడింది. నోట్లో పెట్టేందుకు పనికొచ్చేది చెంచాడు కూడా లేదు.

“గేటు దగ్గరున్న నాకొచ్చింది వాసన,” అన్నాడు విజిల్ బాబాయ్. “పొయ్యి ముందున్నదానివి, నీకు రాలేదా అక్కా?”

అబద్ధం చెప్పడానికి ఆవిడకి బోలెడు దారులున్నాయి. కళ్లు తిరిగాయనవచ్చు. పెరట్లోకి వెళ్లాననవచ్చు. ఎనిమిది నెలల అలవాటు, నోటికి ఏదో ఒకటి వచ్చేదే.

“వచ్చింది బాబాయ్,” అంది. “వచ్చిందనే ఆపలేదు.”

ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది, కిటికీ దగ్గర అందరూ వింటుండగానే, అరవకుండా, ఏడవకుండా. “జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ నాకు వాసన లేదు. రుచీ లేదు. రోజూ అక్కడ నిలబడి రైట్ అన్నదంతా ఉత్తిదే. ఇవాళ ఒక్క కాసేపు వచ్చింది. పొయ్యి కట్టేస్తే పోతుందని కట్టలేదు.”

విజిల్ బాబాయ్ ముప్ఫై ఏళ్లు టికెట్ లేనివాళ్ల కథలు విన్న మనిషి. మొహం చూసి అబద్ధం పట్టేస్తానని ఆయనకి గొప్ప. ఇన్నాళ్లూ ఈ మొహంలో ఎందుకు పట్టలేకపోయానా అన్నట్టు ఆవిడ వంక చూస్తూ ఉండిపోయాడు. పైవాళ్లకి చెప్పక తప్పదక్కా అన్నాడు. చెప్పమంది. ఆయన హాల్లోకి వెళ్లాడు. ఆ రోజు బల్లల మీదికి అన్నం, వేపుడు మాత్రమే వెళ్లాయి. కిటికీ దగ్గర నిలబడి ఒక చెంచాడు వేపుడు ఆయనే తిన్నాడు, రైట్ అని ఆయనే అని, విజిల్ ఆయనే ఊదాడు. వేపుడు ఎవరికీ చాల్లేదు. ఏం జరిగిందో ఒకరికొకరు చెప్పుకునే హడావుడిలో మొదటి ముద్ద నుంచీ హాలంతా గోలే.

వంటక్క ఆ గోల వినడానికి కిటికీ దగ్గర లేదు. పెరట్లో కుళాయి పక్కన మెట్టు మీద కూర్చుని ఉంది. మాడిన గిన్నె కాళ్ల ముందుంది. రేపటి నుంచి ఈ గిన్నె ఎవరు తోముతారో తెలియదు, తను మాత్రం కాదు. పిన్ని ఇనుప అట్లకాడ తెచ్చుకుని, మూలుగుతూ పక్కనే కూలబడి, గీకడం మొదలుపెట్టింది. ఇంతసేపు పిన్ని నోటి నుంచి ఒక్క మాట రాకపోవడం ఆ వంటింట్లో అదే మొదటిసారి. కొంతసేపటికి అట్లకాడ ఆపకుండానే, నాతోనన్నా చెప్పకపోతివే అమ్మాయ్ అంది. వంటక్క గిన్నె జారిపోకుండా పట్టుకుంది.

“పిన్నీ,” అంది వంటక్క, “ఇంకా వస్తోందా?”

“ఏమిటి?”

“వాసన.”

“రాకేం? నాలుగు రోజులు పోదు. నా చీరకి పట్టింది, జుట్టుకి పట్టింది, ఇంటికెళ్తే మా కోడలు గుమ్మంలోంచే పంపించేస్తుంది.”

“ఎలా ఉంది?”

“ఎలా ఉంటుందమ్మా, మాడింది మాడినట్టే ఉంటుంది,” అని చిరాగ్గా అనేసి, తల తిప్పి వంటక్క మొహం చూసింది పిన్ని. చేతిలో అట్లకాడ ఆగింది. దాన్ని నేలమీద పెట్టింది. చీర కుచ్చిళ్లకి చేతులు తుడుచుకుని, కళ్లు మూసుకుని, గిన్నెలోకి వంగి నెమ్మదిగా ఊపిరి పీల్చింది. జీవితంలో ఎప్పుడూ ఒక వాసన గురించి మాట్లాడాల్సిన అవసరం రాని మనిషి, మాటల కోసం తడుముకుంది.

“ముందు చేదు తగుల్తోంది,” అంది. “గొంతు వెనకాల పట్టుకుంటోంది. పొయ్యిలో కర్ర మీద నీళ్లు పోస్తే వస్తుందే, అలా. దాని కింద... ఉండు... దాని కింద తియ్యగా ఉంది. ఉల్లిపాయలు. మాడకముందు చక్కగా వేగాయే అమ్మాయ్ ఇవి. నువ్వు ఎప్పుడూ వేయించినట్టే వేగాయి.”

వంటక్క రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి.

“ఇంకా చెప్పు పిన్నీ,” అంది.

పిన్ని గిన్నె అంచు పట్టుకుని, ఇంకాస్త లోపలికి తల వంచింది.